అడ్డం వీడియోను నిలువుగా మార్చేటప్పుడు

చిరంజీవికి ఆశీస్సులు.

అడ్డంగా తీసిన వీడియోను ఫోన్‌కు తగ్గట్టు నిలువుగా మార్చాలన్నావు. ఒక్క మాట గట్టిగా పట్టుకో: మార్చాల్సింది ఫ్రేమును, బొమ్మ ఆకారాన్ని కాదు. వెడల్పును ఒకలా, ఎత్తును ఒకలా లాగావంటే మనుషులు బక్కచిక్కి కనిపిస్తారు. వెడల్పు, ఎత్తు కలిసే మారేలా చూసే యూనిఫామ్ స్కేల్ టిక్కు ఎప్పుడూ తీయకు.

ముందు లెక్క చూసుకో. వెడల్పు, ఎత్తుల నిష్పత్తి 16:9 అంటే మామూలుగా అడ్డంగా 1920×1080 పిక్సెళ్లు, 9:16 అంటే నిలువుగా 1080×1920. అడ్డం ఫ్రేములోంచి నిలువు ముక్క కోస్తే వెడల్పు 607.5 పిక్సెళ్లే వస్తుంది. అంటే బొమ్మలో మూడో వంతు కూడా మిగలదు. ఆ ముక్కతో ఫ్రేము నిండాలంటే స్కేల్, అంటే బొమ్మ సైజు, దాదాపు 178 శాతానికి పెంచాలి, మసకబారేది అక్కడే. అదే 4కేలో, 3840×2160లో తీసి ఉంటే ముక్క 1215×2160 వస్తుంది. 89 శాతానికి తగ్గిస్తే చాలు, పదును చెక్కుచెదరదు. నిలువుగా కూడా కావాలని ముందే తెలిస్తే 4కేలోనే తీయి.

ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ ప్రీమియర్‌లో అయితే అసలు సీక్వెన్సు (క్లిప్పులు పేర్చిన టైమ్‌లైన్) జోలికి పోకుండా దానికి డూప్లికేట్ తీసుకో. సీక్వెన్స్ సెట్టింగ్స్‌లో ఫ్రేమ్ సైజ్ 1080, 1920 అని కొట్టి, పిక్సెల్ యాస్పెక్ట్ రేషియో స్క్వేర్ పిక్సెల్స్‌లో ఉందో లేదో చూడు. 4కే క్లిప్పుకు 'స్కేల్ టు ఫ్రేమ్ సైజ్' వాడకు. అది బొమ్మను సీక్వెన్సు కొలతకు కుదించేస్తుంది, తర్వాత జూమ్ చేస్తే ఆ వివరం తిరిగి రాదు. మరో ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ డావిన్చీ రిజాల్వ్‌లో అయితే టైమ్‌లైన్ రిజల్యూషన్ మార్చాక ఇమేజ్ స్కేలింగ్‌లో 'స్కేల్ ఫుల్ ఫ్రేమ్ విత్ క్రాప్' ఎంచుకో. 'స్ట్రెచ్' అని ఉన్నదాన్ని ముట్టుకోకు.

అసలు పని ఇక మొదలవుతుంది. ఏ షాటుకు ఆ షాటు చూస్తూ పొజిషన్‌లో మొదటి అంకె (పక్కలకు జరిపేది) మార్చి, చూడాల్సిన మనిషిని ఫ్రేములోకి తెచ్చుకోవాలి. మనిషి నడుస్తుంటేనే కీఫ్రేములు (ఏ క్షణంలో బొమ్మ ఎక్కడుండాలో చెప్పే గుర్తులు) పెట్టు, అవీ వీలైనన్ని తక్కువ. అడుగడుక్కీ పెడితే కెమెరా తడబడినట్టుంటుంది. ఫ్రేమును తనంతట తానే జరిపే ఆటో రీఫ్రేమ్ సాయం తీసుకోవచ్చు గానీ, ఇద్దరు మాట్లాడుకునే చోట అది మాట్లాడని మనిషి మీద నిలిచిపోవచ్చు. అలాంటి షాటును రెండుగా కోసి ఎవరి మాటకు వాళ్లను చూపించు. లేదా చెరో 1080×960 గడిలో పైనొకరిని, కిందొకరిని పెట్టు.

పటం, పట్టిక, స్క్రీన్ రికార్డింగ్ లాంటివి కోస్తే అర్థమే పోతుంది. వాటిని, 1920×1080లో ఉంటే, 56.25 శాతానికి తగ్గించి పూర్తిగా చూపించు. పైనా కిందా మిగిలిన ఖాళీలో అదే క్లిప్పును పెద్దది చేసి, మసకబార్చే గాసియన్ బ్లర్ ఎఫెక్ట్ వేసి వెనక పరచు. మాటలున్న షాట్లకూ ఇదే చిట్కా వాడేస్తుంటారు కొందరు. అది నాకు నచ్చదు, ముఖాలు మరీ చిన్నవైపోతాయి.

టైటిళ్లు కొత్తగా పేర్చాల్సిందే. అడుగు భాగాన్ని యాప్ బటన్లు కప్పేస్తాయి కనుక అక్షరాలను కాస్త పైకి జరుపు.

ఎక్స్‌పోర్టులో కొలత 1920×1080 అనే ఉండిపోతే రెండు పక్కలా నల్లపట్టీలు వస్తాయి, సీక్వెన్సు కొలతే తీసుకునే 'మ్యాచ్ సోర్స్' పెట్టు. పెంచకుండా కోసిన ముక్కనే ఇవ్వాలనుకుంటే వెడల్పు 607 కాదు, 608 పెట్టు. హెచ్.264 అనే మామూలు వీడియో ఫార్మాట్ ఫైల్లో రంగు రెండేసి పిక్సెళ్లకు కలిపి నమోదవుతుంది, అందుకే బేసి అంకె ఇస్తే ఆ ఫైలు తయారుచేసే చాలా ఎన్‌కోడర్లు ఎర్రర్ చూపి ఆగిపోతాయి.