ఇందిరా గాంధీ చనిపోయిన రోజు తాతయ్య ఎక్కడున్నారు? అడగడం, రికార్డు చేయడం, సరిచూడటం

మీ ప్రశ్న ఇదీ: తాతయ్యకు 78 ఏళ్ళు. ఇందిరా గాంధీ చనిపోయిందన్న వార్త పొద్దున పదింటికి రేడియోలో విన్నానని, అప్పుడు పొలంలో కుప్ప నూరుస్తున్నామని ఆయన అంటారు. పెదనాన్నేమో ఆ రోజు టీవీలో చూశామంటారు. ఎవరి మాట నిజం, ఇవన్నీ రికార్డు చేసి పెట్టుకోవడం ఎలా?

ఇద్దరి మాటా ఉన్నదున్నట్టుగా నిలబడకపోవచ్చు. ఆ సంగతి ఇప్పుడే వాళ్ళతో అనకండి. ముందు రికార్డింగు, ఆ తర్వాతే సరిచూడటం. ఈ వరస తప్పితే మీరు ఫోన్‌లో చదివి వినిపించినదే నాలుగు రోజుల తర్వాత తాతయ్య నోట జ్ఞాపకంగా తిరిగొస్తుంది. ఇక ఏది ఎవరిదో విడదీయడం మీ వల్ల కాదు.

ఆ రోజు జరిగినవి గంటల వారీగా ఒక కాగితం మీద రాసి మీ దగ్గర పెట్టుకోండి, ఆయనకు చూపించొద్దు. 1984 అక్టోబరు 31, బుధవారం. ఉదయం 9.20 ప్రాంతంలో ఢిల్లీ సఫ్దర్‌జంగ్ రోడ్డు ఒకటో నంబరు ఇంటి ఆవరణలో కాల్పులు. అక్కడి నుంచి ఎయిమ్స్‌కు తీసుకెళ్ళారు. చనిపోయినట్టు ప్రకటించిన సమయం మధ్యాహ్నం 2.20 ప్రాంతం. బీబీసీ ముందే చెప్పేసింది. మన ఆకాశవాణి, దూరదర్శన్ మరణవార్తను సాయంత్రం గానీ బయటపెట్టలేదు. దూరదర్శన్‌లో ఆ వార్త చదివింది సల్మా సుల్తాన్. ఆ సాయంత్రమే రాజీవ్ గాంధీ ప్రమాణ స్వీకారం. నవంబరు 3, శనివారం అంత్యక్రియలు, దూరదర్శన్ ప్రత్యక్ష ప్రసారం.

దీన్ని బట్టి పొద్దున పదింటికి రేడియోలో మరణవార్త రావడం జరిగే పని కాదు. అంతమాత్రాన తాతయ్య కల్పించి చెబుతున్నారని కాదు. పదింటికో పదకొండింటికో ఎవరో వచ్చి 'కాల్చారంట' అని చెప్పి ఉండొచ్చు. ఆ రోజుల్లో వార్త రేడియో కంటే ముందు వచ్చే దారులు కొన్ని ఉండేవి: రైల్వే స్టేషను కంట్రోల్ ఫోను, టెలిగ్రాఫ్ ఉన్న పోస్టాఫీసు, బ్యాంకుకో మిల్లుకో వచ్చిన ట్రంక్ కాల్, పట్నం నుంచి వచ్చిన బస్సు కండక్టరు. పొద్దున విన్న పుకారూ, సాయంత్రం రేడియోలో విన్న ప్రకటనా ఏళ్ళు గడిచేసరికి ఒకే సన్నివేశంగా అతుక్కుపోతాయి. కాబట్టి 'రేడియోలో విన్నారా?' అని అడక్కండి. 'మొదట ఎవరు చెప్పారు? వాళ్ళు ఎటునుంచి వచ్చారు?' అనండి.

ఇలా అతుక్కోవడం వయసు వల్ల మాత్రమే వచ్చేది కాదు. 1986లో అమెరికాలో చాలెంజర్ అంతరిక్ష నౌక పేలిపోయిన మర్నాడే నైసర్, హార్ష్ అనే పరిశోధకులు విద్యార్థుల చేత ఎక్కడ, ఎలా విన్నారో రాయించుకున్నారు. రెండున్నరేళ్ళ తర్వాత వాళ్ళలో 44 మందిని మళ్ళీ అడిగితే, నాలుగో వంతు మంది చెప్పినదాంట్లో ముఖ్యమైన వివరం ఒక్కటీ పాత కాగితంతో కలవలేదు. అయినా ధీమాగానే చెప్పారు. వాళ్ళ చేతిరాతే చూపించినా కొత్త కథనమే సరైనదన్నవాళ్ళున్నారు. మీకు పనికొచ్చే అంశం ఇంకొకటి: మొదట్లో టీవీలో చూశామన్నవాళ్ళు 9 మంది, తర్వాత 19 మంది. పక్కగదివాడు చెప్పగా విన్న వార్త కూడా టీవీ ఖాతాలో చేరిపోయింది. మీ పెదనాన్న టీవీ సంగతీ బహుశా ఇదే. 1984లో పల్లెల్లో టీవీ ఉన్న ఇళ్ళు చాలా తక్కువ. ఎవరింట్లో చూశారు, పెట్టె ఎటువైపు ఉంది, ఆ పూట కరెంటు ఉందా, ఇంకా ఎవరెవరు కూర్చున్నారు అని అడగండి. నూటికి తొంభై పాళ్ళు అది నవంబరు 3 నాటి అంతిమయాత్ర ప్రసారం అని తేలుతుందని నా అంచనా.

2001 సెప్టెంబరు 11 దాడుల మీద పదేళ్ళ పాటు సాగిన అధ్యయనంలో తేలిందేమిటంటే, మరుపు ఎక్కువగా మొదటి ఏడాదిలోనే జరుగుతుంది. ఆ తర్వాత కథ గట్టిపడి, తప్పుతో సహా అలాగే ఉండిపోతుంది. 'అప్పుడు నాకెలా అనిపించింది' అన్నది, 'ఎక్కడున్నాను, ఎవరు చెప్పారు' అన్నవాటి కంటే తొందరగా మారుతుంది. అందుకే 'ఏడ్చారా? భయపడ్డారా?' లాంటి ప్రశ్నలు మొదట్లో వద్దు.

ఇక కూర్చోబెట్టి అడిగే పని. పొద్దున టిఫిన్ అయ్యాక మంచి వేళ, ముప్పావు గంట చాలు. మామ్మగారిని, పెదనాన్నను ఆ గదిలో ఉండనివ్వకండి. అవతలివాళ్ళ మీద కోపంతో కాదు, 'కాదండీ, ఆ రోజు మనం మా పుట్టింట్లో ఉన్నాం' అని ఒక్క మాట పడిందంటే తాతయ్య జ్ఞాపకం అక్కడే దారి మళ్ళుతుంది. మామ్మది విడిగా, అదే రోజున, ఇద్దరూ మాట్లాడుకునేలోపు రికార్డు చేయండి. చాలా ఇళ్ళలో ఆడవాళ్ళ కథనమే ఎక్కువ పనికొస్తుంది, ఆ పూట పొయ్యి మీద ఏముందో వాళ్ళకు గుర్తుంటుంది.

ఫోన్‌ని ఏరోప్లేన్ మోడ్‌లో పెట్టి, ఆయన నోటికి మూరెడు దూరంలో, మడతపెట్టిన తువ్వాలు మీద ఉంచండి. బల్ల మీద నేరుగా పెడితే చేత్తో కొట్టిన ప్రతి దెబ్బా రికార్డవుతుంది. సీలింగ్ ఫ్యాన్ ఆపేయాలి, ఎండాకాలమైతే ఆరింటికే కూర్చోండి. ఫ్యాన్ హోరు తర్వాత ఏ యాప్‌తో తీసినా మాట చివరి అక్షరాలు పోతాయి. రికార్డరులో నాణ్యత ఎంపిక ఉంటే అన్నిటికంటే ఎక్కువది పెట్టండి. ముందు అర నిమిషం రికార్డు చేసి, ఇయర్‌ఫోన్‌తో విని, అప్పుడు మొదలుపెట్టండి. మొదటి మాటలుగా తేదీ, ఊరు, ఆయన పేరు, రికార్డు చేయడానికి ఆయన ఒప్పుకుంటున్న సంగతి ఆయన నోటే చెప్పించండి.

నేరుగా ఇందిరా గాంధీ దగ్గర మొదలుపెట్టొద్దు. ఆ ఏడాది ఏ ఊళ్ళో ఉన్నారు, ఏం పని చేసేవారు, పిల్లలు ఏ తరగతి, ఇంట్లో రేడియో ఏది అని అడుగుతూ పోతే ఆ కాలంలో కుదురుకుంటారు. ఆ తర్వాత ఒకే ఒక్క ప్రశ్న: 'ఆ రోజు సంగతి మొదట్నించీ చెప్పండి.' మధ్యలో ఆపినా మీరు అందుకోవద్దు, మనసులో పది లెక్కపెట్టండి. అసలు వివరాలు ఆ మౌనం తర్వాతే వస్తాయి. పూర్తిగా చెప్పడం అయ్యాక ఎక్కడ, ఏం చేస్తూ, ఎవరు చెప్పారు, పక్కవాళ్ళు ఏమన్నారు, వెంటనే ఏం చేశారు అని విడివిడిగా అడగండి. ఆఖరున 'మీరు కళ్ళారా చూసిందేది, తర్వాత విన్నదేది?' అనండి. ఈ ప్రశ్న ఎవరూ వేయరు. వేస్తే పెద్దవాళ్ళు చాలా నిజాయితీగా విడదీసి చెబుతారు.

సరిచూడటానికి కొండగుర్తులు కావాలి. తెలుగునాట 1984కు అవి బాగా దొరుకుతాయి. ఆగస్టు 16న ఎన్టీ రామారావును గద్దె దింపడం, నాదెండ్ల భాస్కరరావు నెల రోజుల ప్రభుత్వం, సెప్టెంబరు 16న ఎన్టీఆర్ తిరిగి రావడం, దాని తర్వాత ఇందిర హత్య. డిసెంబరు మొదట్లో భోపాల్ గ్యాస్, చివర్లో లోక్‌సభ ఎన్నికలు. ముందా వెనకా అని అడిగితే పెద్దవాళ్ళు తేదీ కంటే నమ్మకంగా చెబుతారు. పంచాంగం ప్రకారం రక్తాక్షి సంవత్సరం, కార్తీక శుద్ధం, దీపావళి వెళ్ళిన వారం, మొదటి కార్తీక సోమవారం అయిన రెండు రోజులకు. మామ్మను ఈ దారిలో అడగండి.

కుప్పనూర్పు విషయంలో నాకు అనుమానం ఉంది. డెల్టాలో సార్వా వరి అక్టోబరు ఆఖరుకు ఇంకా చేలోనే ఉంటుంది. కోతలు నవంబరు, డిసెంబరుల్లో, కుప్పలు నూర్చేది ఆ తర్వాత. వేరుశనగో మొక్కజొన్నో అయితే సరిపోతుంది. అందుకని 'ఏ పంట, ఏ చేలో?' అని అడగండి. వరే అంటే, ఎన్నికల ప్రచారం నాటి దృశ్యం ఇక్కడికి జరిగి ఉండొచ్చు.

మూడు మరణాలు ఒకదాంట్లో ఒకటి కలిసిపోవడం మరీ ఎక్కువ. రాజీవ్ గాంధీ హత్య 1991 మే 21, మంగళవారం రాత్రి పదీ ఇరవై ప్రాంతంలో, శ్రీపెరుంబుదూరులో. ఆ రోజే ఆయన విశాఖపట్నంలో ప్రచారం చేసి మద్రాసు వెళ్ళారు. కాబట్టి విశాఖవాళ్ళు 'అదే రోజు చూశాం' అంటే కొట్టిపారేయకండి. కానీ 'రాజీవ్ పోయినప్పుడు బడి వదిలేశారు' అంటే అది ఇందిర నాటి జ్ఞాపకమే, మేలో బడులకు సెలవులు. అలాగే 2009లో వైఎస్ రాజశేఖర రెడ్డి హెలికాప్టరు సెప్టెంబరు 2, బుధవారం ఉదయం నల్లమలలో కనిపించకుండా పోతే, శకలాలు దొరికి మరణవార్త తెలిసింది 3వ తేదీన. ఆ మధ్యనున్న రాత్రంతా టీవీల ముందు గడిపినవాళ్ళు కూడా రెండు రోజుల్నీ ఒకటిగా చెబుతారు. ఇంకొకటి, 'బీబీసీ తెలుగులో విన్నాం' అని ఎవరైనా అంటే అది జరగదు. బీబీసీ తెలుగు మొదలైంది 2017లో. ఇంగ్లిషో హిందీయో తెలిసిన మనిషి షార్ట్‌వేవ్‌లో విని చెప్పి ఉంటాడు, ఆ మనిషెవరో అడగండి.

కాగితం రుజువులకు ఉద్యోగస్తులైతే సర్వీసు రిజిస్టరు, పిల్లల టీసీలు, ఆ నెలలోని రిజిస్ట్రేషను దస్తావేజులు వెతకండి. పాత దినపత్రికలకు వేటపాలెం సారస్వత నికేతనం, హైదరాబాదులో సుందరయ్య విజ్ఞాన కేంద్రం, సుల్తాన్ బజారు శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషా నిలయం ముందు చూడదగ్గవి. వెళ్ళేముందు ఫోన్ చేసి ఆ సంపుటం బయటికి తీస్తారో లేదో కనుక్కోండి. అక్టోబరు 31 పత్రిక అడగొద్దు, అందులో ఏమీ ఉండదు. అడగాల్సింది నవంబరు 1, 2 తేదీలవి, ప్రత్యేక సంచిక వేసి ఉంటే అదీ.

రాసేటప్పుడు ఆయన మాట ఆయన యాసలోనే ఉంచండి, 'పదింటికి రేడియోలో' అన్నది దిద్దకండి. మీరు కనుక్కున్నది కింద వేరే పేరాలో, మీ పేరుతో, తేదీ వేసి రాయండి. ఫైలు పేరులో రికార్డు చేసిన తేదీ, పేరు, ఊరు ఉండాలి. ఒక కాపీ ఫోన్‌లో, ఒకటి పెన్‌డ్రైవ్‌లో, ఒకటి వేరే ఊళ్ళో ఉన్న బంధువు దగ్గర. వాట్సాప్‌లో వాయిస్ నోటుగా పంపితే నాణ్యత పోతుంది, డాక్యుమెంటుగా పంపండి.

ఆ రోజుల్లో ఢిల్లీలోనో సైన్యంలోనో ఉత్తరాది రైల్లోనో ఉన్న బంధువుల్ని అడిగేటప్పుడు మాత్రం పద్ధతి మార్చాలి. ఆ తర్వాతి రోజుల్లో సిక్కుల మీద జరిగిన హత్యాకాండలో ఒక్క ఢిల్లీలోనే అధికారిక లెక్క ప్రకారం 2,733 మంది చనిపోయారు. పిల్లల్ని పక్కన కూర్చోబెట్టకండి. ఆపేద్దామంటే వెంటనే ఆపేయండి. ఎవరైనా ఫలానావాడు చేశాడని పేరు చెబితే ఆ భాగాన్ని విడి ఫైలుగా దాచి, కుటుంబ గ్రూపులో పెట్టే ప్రతిలోంచి తీసేయండి.