హైదరాబాద్ దాకా తెచ్చుకోదగ్గ వైన్: జురా వాన్ జోన్

బోర్డో, బర్గండీ కాకుండా మనవాళ్లకు పెద్దగా తెలియని ఫ్రెంచ్ వైన్ ఏదైనా చెప్పమన్నారు. కొన్నాళ్లు దాచుకునేలా ఉండాలి, హైదరాబాద్ దాకా క్షేమంగా రావాలి అన్నారు. నన్నడిగితే ఒకటే పేరు చెప్తాను: తూర్పు ఫ్రాన్స్‌లోని జురా ప్రాంతపు వాన్ జోన్. అంటే పసుపు వైన్.

చదువు కోసం రెండేళ్లు ఆ వైపే ఉన్న బెజాన్సాన్ నగరంలో ఉన్నాను. ఈ వైన్ చేసే అర్బ్వా అనే ఊరు అక్కడికి దగ్గరే, రైల్లో వెళ్లొచ్చు. లూయీ పాశ్చర్ పెరిగిన ఊరు. అక్కడ మొదటిసారి గ్లాసు ముక్కు దగ్గర పెట్టుకోగానే పోపులో ఎర్రబడ్డ మెంతుల వాసన! దాని వెనకే అక్రోట్ల వాసన. అమ్మ వంటింట్లో ఉన్నట్టనిపించి నవ్వొచ్చింది. తర్వాత తెలిసింది, అది నా భ్రమ కాదు. మెంతులకు ఆ వాసననిచ్చే సోటోలోన్ అనే పదార్థం ఈ వైన్‌లోనూ ఉంటుంది.

సవన్యాన్ అనే తెల్ల ద్రాక్షతో చేసి, పీపాల్లో ఆరేళ్లకు పైగా వదిలేస్తారు. ఆవిరైన మేరకు మళ్లీ నింపరు. పాల మీద మీగడ కట్టినట్టు పైన యీస్ట్ పొర కడుతుంది, గాలి నుంచి వైన్‌ను కాపాడేది అదే. లీటరు పోస్తే చివరికి 62 సెంటీలీటర్లు మిగులుతుందంటారు, సీసా కూడా సరిగ్గా అంతే. పొట్టిగా, బండగా ఉండే ఆ సీసాని క్లావ్లాన్ అంటారు.

మనకు కలిసొచ్చేది కూడా ఆ 62వే. ఇండియాలో దిగేటప్పుడు డ్యూటీ లేకుండా తలకు రెండు లీటర్లు తెచ్చుకోవచ్చు. మామూలు సీసాలైతే రెండు, ఇవైతే మూడు: మొత్తం 1.86 లీటర్లు. చెకిన్ బ్యాగులోనే పెట్టండి. నేను ఒక్కో సీసాని జీన్స్ ప్యాంటు కాలులో దూర్చి, చుట్టి, బట్టల మధ్య పెడతాను. ఇంతవరకు ఒక్కటీ పగల్లేదు.

పోయింది మాత్రం వాటితో తెచ్చిన పూల్సార్ అనే పల్చటి రెడ్ వైన్. బీరువా మీద పెట్టి మర్చిపోయాను. మే నెలలో చూస్తే బిరడా పైకి తన్నుకొచ్చి, బీరువా తలుపు మీద జిగురు చార. రుచి చూస్తే ఉడికిన జామే. తప్పు నాదే లెండి. 1774 నాటి వాన్ జోన్ సీసా 2018 వేలంలో లక్ష యూరోలకు పైగా పలికిందని చదివి మనమూ దాచేద్దాం అనుకోకండి, అవి చల్లటి నేలమాళిగల్లో ఉండేవి. వైన్ ఫ్రిజ్ లేకపోతే మామూలు ఫ్రిజ్ కింది అరలో పెట్టి ఏడాదిలోపు తాగేయండి.

తాగే రోజు పొద్దునే మూత తీయండి. మరీ చల్లగా వద్దు, 15 డిగ్రీలు చాలు. జురా వైపే చేసే కోంతె అనే చీజ్, అక్రోట్లు పక్కనుంటే ఇంకేం అక్కర్లేదు. తెరిచాక కూడా ఫ్రిజ్‌లో వారాల తరబడి బాగుంటుంది. మా బావగారు మొదటి గుక్కకే “ఇది పాడైపోయిందేమో చూడు” అని గ్లాసు పక్కన పెట్టేశారు. మూడో రోజు కోడి వేపుడు తింటూ, “ఆ మెంతుల వైన్ ఇంకా ఉందా?” అని ఆయనే అడిగారు.