ఉప్పునీటి తొట్టె: మీ ప్రశ్నలు, ఈసారి అన్నీ నక్షత్రాల మీదే

వేసవి సెలవులు రాగానే పిల్లల్ని వెంటబెట్టుకుని కొళత్తూరు చేపల బజారుకి వెళ్ళినవాళ్ళు ఎక్కువైనట్టున్నారు. ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో క్లౌన్ చేప మీద ప్రశ్నే లేదు, అందరిదీ స్టార్‌ఫిష్ గొడవే. చెన్నైలో ఇల్లిల్లూ తిరిగి మెరైన్ ట్యాంకులు చూసిపెట్టడం నా పని కాబట్టి, ఫోన్లో రోజూ చెప్పే మాటలే ఇక్కడా రాస్తున్నాను.

ప్రశ్న: అయ్యా, మాది పెరంబూరు. రెండు నెలల కిందట మూడడుగుల మెరైన్ ట్యాంక్ పెట్టాం. రెండు క్లౌన్ చేపలు వేశాం, హుషారుగా ఉన్నాయి. మా అమ్మాయి పుట్టినరోజుకి నీలం రంగు స్టార్‌ఫిష్ కావాలంటోంది. "సాప్పాడే వేండాం సార్ (తిండే అక్కర్లేదు), కణ్ణాడి (అద్దం) మీద పాచి తిని బతికేస్తుంది" అని కొట్టువాడు తమిళం, తెలుగు కలిపి చెబుతున్నాడు. కొనమంటారా?

జవాబు: వద్దు. అమ్మాయికి నా మీద కోపం వస్తుంది, రానివ్వండి.

కొట్టతను అబద్ధం చెప్పాడని నేననను. ఆ జీవి అతని దగ్గర ఉండేది వారమో పది రోజులో. ఆ కొద్ది రోజులూ అది నిజంగానే ఏమీ తినకుండా బతుకుతుంది. అసలు చిక్కు మీ ఇంటికొచ్చాకే మొదలవుతుంది.

మీరు చూసింది లింకియా. పగడపు దిబ్బల మీద తిరిగే జాతి. అద్దం మీద మనకి కనిపించే పచ్చటి పాచితో దానికి కడుపు నిండదు. బాగా పాతబడిన రాళ్ళ మీద పేరుకునే పల్చటి జిగురు పొర, అందులోని సూక్ష్మజీవులు, అవీ దాని భోజనం. మీ ట్యాంకు పొడవు మూడడుగులు, ఎత్తూ వెడల్పూ ఒకటిన్నర అడుగు అనుకుంటే పట్టేది 190 లీటర్లు. రాళ్ళు, ఇసుక పోగా ఇంకా తక్కువే. పైగా దాని వయసు రెండు నెలలు. ఆ రాళ్ళ మీద అది మేయడానికి ఏమీ పుట్టి ఉండదు. కనీసం 400 లీటర్లు, దండిగా రాయి, ఏడాది నిండిన ట్యాంకు ఉంటే తప్ప లింకియా మాట నేనెత్తను. అవన్నీ ఉన్న ఇళ్ళలో కూడా అది నిలుస్తుందని పూచీ ఇవ్వను.

చేప చిక్కితే పొట్ట లోపలికి పోతుంది, మనకి తెలుస్తుంది. నక్షత్రం విషయంలో ఆ సౌకర్యం లేదు. చర్మం కింద సున్నపు పలకల గూడు ఉంటుంది కాబట్టి ఆకారం చెదరదు. తిండి నిలవ చేసుకునే గ్రంథులు ఒక్కో చేతిలో ఒక్కో జత ఉంటాయి. బయట ఏమీ దొరక్కపోతే ఆ నిలవనే కరిగించుకు తింటుంది. పైకి మాత్రం అదే నీలం, అదే అందం, అద్దం మీద అదే నడక. మూడో నెలలోనో నాలుగో నెలలోనో ఒక చేయి కొస మెత్తబడి తెల్లటి మచ్చ పడుతుంది. అప్పుడు నాకు ఫోను: "నీళ్ళు పాడైనట్టున్నాయి, ఒకసారి రండి." వెళ్ళి చూస్తే నీళ్ళలో ఏ లోపమూ ఉండదు. అది ఆకలితో పోతోంది, అంతే. వారం బతికింది కదా, అలవాటు పడిపోయింది అనుకోవడం దగ్గరే అందరూ మోసపోతున్నారు.

అమ్మాయి మరీ పట్టుబడితే ఇంకో నాలుగైదు నెలలు ఆగి, చాక్లెట్ చిప్ అనే రకం చూడండి. గోధుమ రంగు ఒళ్ళు, దాని మీద నల్లటి మొటిమలు. నీలం అంత సొగసు లేదు గానీ మనం పెట్టింది తింటుంది, నక్షత్రాల్లో అదో పెద్ద గుణం. పగడాలు, ఎనిమోన్లు, స్పాంజీలు ఉన్న ట్యాంకులో మాత్రం దాన్ని వేయకూడదు, వాటినీ భోంచేస్తుంది. పైగా కొట్లో ఉన్న నక్షత్రం ఏ జాతిదైనా సరే, దాదాపు ప్రతిదీ సముద్రంలోంచి పట్టి తెచ్చిందే. ఒకటి పోతే ఇంకోటి అనుకుంటూ కొనడం నాకు నచ్చదు.

కొనే రోజున అద్దానికి అతుక్కున్నదాన్నే ఎంచుకోండి. అవతలి వైపు నుంచి దాని అడుగు చూడండి. ప్రతి చేతి మధ్యలో ఒక గాడి, అందులో రెండు వరసల మెత్తటి గొట్టపు కాళ్ళు, ఒక్కో కాలి చివర చిన్న చప్పటి బిళ్ళ. కొన్ని అతుక్కుంటుంటే కొన్ని వదులుతూ ఉండాలి, ఒక్కటీ వేలాడకూడదు. తర్వాత కొట్టతన్ని నీళ్ళలోనే వెల్లకిలా తిప్పమనండి. ఆరోగ్యంగా ఉన్నది ఒక చేతి కొస మడిచి, నేలని పట్టుకుని, కాసేపట్లో తనే బోర్లా పడుతుంది. కదలకుండా పడి ఉంటే బేరమాడకుండా వచ్చేయండి.

ప్రశ్న: మీరు ఒక సంచికలో చెప్పిన చాక్లెట్ చిప్ రకమే తెచ్చాం. కవర్ని అరగంట ట్యాంకులో తేల్చి, కొంచెం నీళ్ళు కలిపి వదిలాం. రెండో రోజుకే చేతులు జారిపోయి చచ్చిపోయింది. నీళ్ళు పాడైతే పెరిగే అమ్మోనియా, నైట్రైట్ రెండూ సున్నానే. కారణం ఏమై ఉంటుంది? – ఒక గృహిణి, వేళచ్చేరి

జవాబు: అరగంట తేలిస్తే సర్దుకునేది వేడి, ఉప్పు కాదమ్మా.

చేపకి మొప్పలు, మూత్రపిండాలు ఉన్నాయి. ఉప్పు కాస్త అటూ ఇటూ అయితే సర్దుకుంటుంది. నక్షత్రానికి అసలు రక్తమే లేదు. వీపు మీద నడిమికి కొంచెం పక్కగా చిన్న బొడిపె కనిపిస్తుంది, దాన్ని జల్లెడ పలక అంటారు. అక్కణ్ణించి కాళ్ళ దాకా గొట్టాలు, ఆ గొట్టాల్లో తిరిగేది ఇంచుమించు సముద్రపు నీరే. బయట ఉప్పు మారితే లోపలా మారినట్టే, ఆపుకునే శక్తి దానికి లేదు. నీళ్ళలో ఉప్పు ఎంతుందో సాంద్రతతో కొలుస్తాం. చాలా కొట్లలో అది 1.020 దగ్గరో ఇంకా కిందో పెడతారు. ఉప్పు ఖర్చు తగ్గుతుంది, చేపల మీద పరాన్నజీవులూ తగ్గుతాయి. మీ ట్యాంకు 1.025 మీద ఉంటే, అక్కడి నుంచి ఇక్కడికి అరగంటలో దూకించారన్న మాట.

ఈసారి మందుల కొట్లో సెలైన్ ఎక్కించే సెట్టు ఒకటి కొనండి. సూది తీసి పారేసి, గొట్టం ఒక కొస ట్యాంకులో, ఇంకో కొస నక్షత్రం ఉన్న బకెట్లో పెట్టండి. దాని చక్రం తిప్పి, సెకనుకి రెండు మూడు చుక్కలు పడేలా సరిచేయండి. బకెట్లో నీళ్ళు రెండింతలైతే సగం పారబోసి మళ్ళీ మొదలుపెట్టండి. మూడు నాలుగు గంటలు పడుతుంది, పట్టనివ్వండి. చివర రిఫ్రాక్టోమీటర్‌తో (ఉప్పు ఎంతుందో చూపే పరికరం) రెండు నీళ్ళూ చూడండి. ప్లాస్టిక్ ముల్లు ఉండే హైడ్రోమీటర్ని నమ్మొద్దు, ముల్లుకి ఒక్క గాలిబుడగ అంటుకుంటే లెక్క తప్పుతుంది. బకెట్లోంచి ట్యాంకులోకి మార్చేటప్పుడు కూడా నక్షత్రాన్ని గాలిలోకి ఎత్తకుండా చిన్న డబ్బాలో నీళ్ళతో సహా దించండి.

ఇంకో సంగతి. ఆ ట్యాంకులో ఎప్పుడైనా చేపల జబ్బుకి కాపర్ మందు వేశారా? వేసి ఉంటే అది రాళ్ళలో, ఇసుకలో దాగి ఉంటుంది. వెన్నెముక లేని జీవులకి రాగి విషం. ఆ రాయి, ఇసుక మార్చకుండా ఇంకో నక్షత్రాన్ని తేవద్దు.

ప్రశ్న: మేం తిరువాన్మియూర్ బీచికి నాలుగడుగుల దూరంలో ఉంటాం. ఉప్పు డబ్బాల మీద అంత డబ్బు పోసే బదులు సముద్రపు నీళ్ళే తెచ్చుకుంటే? కాశిమేడు రేవులో వలల్లో పడ్డ నక్షత్రాలు ఊరికే ఇస్తారట, తెచ్చుకోవచ్చా?

జవాబు: ఒడ్డున ముంచుకున్న నీళ్ళు వద్దు. మీకు ఉత్తరాన అడయారు నది సముద్రంలో కలుస్తోంది. ఊరి మురుగంతా మోసుకొచ్చేది అదీ, కూవం నదీ. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాల వాన పడ్డప్పుడు తీరం దగ్గర నీళ్ళలో ఉప్పు పడిపోతుంది. నక్షత్రానికి అది ఎంత ప్రమాదమో పై జవాబులో చెప్పాను. లీటరుకి 35 గ్రాముల చొప్పున మెరైన్ సాల్ట్ కలుపుకోవడమే క్షేమం. అదీ ఆర్‌ఓ నీళ్ళలోనే. లారీ నీళ్ళు, బోరు నీళ్ళు ఈ పనికి పనికిరావు.

వలలో పడ్డ నక్షత్రాల సంగతి. ట్రాల్ వలలో చేపల బరువు కింద నలిగి, డెక్కు మీద ఎండలో పడి ఉన్నవి అవి. ఊరికే ఇచ్చేది అందుకే. పైగా ఆ కుప్పలో సముద్రపు దోసకాయ, సముద్రపు గుర్రం, పగడపు ముక్క కూడా ఉండొచ్చు. ఆ మూడూ 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద రక్షణ ఉన్నవి. ముచ్చటపడి సంచిలో వేసుకుంటే కేసవుతుంది. ట్యాంకులో పేర్చడానికి "అసలు పగడపు రాయి" అని ఎవరైనా అమ్మజూపినా ఇదే మాట. మనిషి చేసిన రాయి కొనుక్కోండి, కొన్ని నెలల్లో దాని మీదా జీవం పుడుతుంది.

ప్రశ్న: మాది జార్జిటౌన్. ఇంట్లో శుద్ధ శాకాహారం. మావాడు స్టార్‌ఫిష్ కొన్నాడు, రొయ్య ముక్కలు పెట్టాలంటున్నాడు. పాలకూరతో సరిపెట్టొచ్చా?

జవాబు: కుదరదండీ. రొయ్య పెట్టాల్సిన రకమైతే దానిది మాంసాహారం, మన ఆచారం దానికి పట్టదు. మా ఇళ్ళల్లోనూ ఇదే తగువు. బజార్లో చేపల కోసం గడ్డకట్టించిన రొయ్య, ఆల్చిప్ప మాంసం చిన్న పలకలుగా మూసిన పొట్లాల్లో అమ్ముతారు. ఫ్రిజ్‌లో విడిగా ఒక డబ్బాలో పెట్టుకోవచ్చు, వాసన రాదు. అదీ కుదరదంటే ఆ నక్షత్రాన్ని తిరిగి ఇచ్చేయడం మేలు.

ఒప్పుకుంటే మాత్రం మీరే ఒకసారి తినిపించి చూడండి. వారానికి రెండు మూడు సార్లు చాలు. గోరంత రొయ్య ముక్కని పొడుగాటి పట్టకారుతో చేతి కొస కిందకి తోయాలి. గొట్టపు కాళ్ళు దాన్ని ఒకదాన్నుంచి ఒకటి అందుకుంటూ నడిమికి చేరుస్తాయి. అప్పుడది మధ్యలో పూరీ పొంగినట్టు లేచి కదలకుండా కూర్చుంటుంది. అడుగున నోట్లోంచి కడుపునే బయటికి తీసి ముక్క మీద పరుస్తుంది. అరుగుదల సగం ఒంటి బయటే అయిపోతుంది. ఆ కాసేపు చేపలు ముక్క లాక్కుపోకుండా పైన చిల్లుల ప్లాస్టిక్ బుట్ట బోర్లించండి. గంటైనా ముట్టకపోతే తీసేయండి, లేకపోతే కుళ్ళి అమ్మోనియా అవుతుంది.

ప్రశ్న: అద్దం మీద మినపగింజంత తెల్లటి నక్షత్రాలు గుంపులుగా పుట్టుకొచ్చాయి. మేం కొననే లేదు. – తాంబరం

జవాబు: ఆస్టెరినా. రాయితో పాటు వచ్చి ఉంటాయి. ఒళ్ళు రెండుగా చీలి పెరుగుతాయి, అందుకే కొన్ని చేతులు పొట్టి, కొన్ని పొడుగు. ఎక్కువ భాగం పాచి తింటూ వాటి మానాన అవి ఉంటాయి. పగడాల మీద కూర్చున్నవి కనిపిస్తే ఏరేయండి. హార్లెక్విన్ రొయ్య వేస్తే తినేస్తుందని ఎవరో ఒకరు చెబుతారు. నిజమే, కానీ దానికి నక్షత్రాలు తప్ప వేరే తిండి లేదు. ఇవి అయిపోయాక దాన్ని మేపడానికి నక్షత్రాలు కొనాలి.

ప్రశ్న: పొడుగాటి చేతుల ఆకుపచ్చ బ్రిటిల్ స్టార్ వేశాక చిన్న చేపలు ఒక్కొక్కటే మాయమవుతున్నాయి.

జవాబు: అనుమానం అక్కర్లేదు, దాని పనే. రాత్రి చేతుల మీద ఒళ్ళు పైకెత్తి గుడారం వేస్తుంది. నీడ దొరికిందని కిందికి దూరిన చేపని మూసేస్తుంది. పెద్ద చేపలున్న ట్యాంకుకి మార్చండి.

ప్రశ్న: ఏప్రిల్లో మా నక్షత్రానికి ఒక చేయి ఊడింది. మళ్ళీ మొలుస్తుందంటారు, ఆగాలా? అమెరికాలో నక్షత్రాలు కరిగిపోయే జబ్బని చదివాను, అదేమోనని భయం. – అంబత్తూరు

జవాబు: మీరు చదివింది ఉత్తర అమెరికా పసిఫిక్ తీరంలో 2013లో మొదలైంది. కోట్ల నక్షత్రాలు పోయాయి. కారణం ఒక విబ్రియో జాతి బ్యాక్టీరియా అని 2025లో తేల్చారు. అది ఆ చల్లటి సముద్రాల కథ. అంబత్తూరులో ఏప్రిల్ నెలలో చేయి ఊడిందంటే నేను ముందు థర్మామీటరు చూస్తాను.

చిల్లర్ (నీళ్ళు చల్లబరిచే యంత్రం) లేని ట్యాంకు మన ఎండల్లో 31, 32 డిగ్రీలకి సులువుగా చేరుతుంది. నక్షత్రానికి 24 నుంచి 27 మధ్య ఉండాలి. నీళ్ళు వేడెక్కిన కొద్దీ వాటిలో ప్రాణవాయువు తగ్గుతుంది, దాని ఆకలేమో పెరుగుతుంది. చిల్లర్ కొనేదాకా మూత తీసి, నీళ్ళ పైకి చిన్న ఫ్యాను తిప్పి పెట్టండి. రెండు మూడు డిగ్రీలు తగ్గుతుంది. ఆవిరైన మేరకి రోజూ ఉత్త ఆర్‌ఓ నీళ్ళు పోయాలి, ఉప్పునీళ్ళు కాదు.

ఇక చేయి. ఊడిన చోట గాయం మూసుకుని, మిగతా చేతులు గట్టిగా అద్దాన్ని పట్టుకుని ఉంటే ఆగండి, మొలుస్తుంది. నెలలు పడుతుంది, ముందు చిన్న మొగ్గ కనిపిస్తుంది. తెల్లటి పుండు నడిమి వైపు పాకుతున్నా, ఒళ్ళు మెత్తగా వేలాడుతున్నా దాన్ని వెంటనే వేరే తొట్టెలోకి మార్చండి. రాత్రికి రాత్రి ట్యాంకులో కుళ్ళిందంటే చేపలూ పోతాయి. ఎలాగూ విడి తొట్టె సర్దుతున్నారు కాబట్టి బ్యాటరీతో నడిచే గాలి పంపు కూడా ఒకటి కొని ఉంచండి. 2023 డిసెంబరులో మిచాంగ్ తుపాను వచ్చినప్పుడు ఊళ్ళో చాలా చోట్ల రోజుల తరబడి కరెంటు లేదు. అప్పుడు పది కొట్లు తిరిగినా ఆ పంపు దొరకలేదు.