ఆ మాట ఎవరిది?

చిరంజీవికి ఆశీస్సులు.

తేనెటీగల మీద బడికి రాయబోయే వ్యాసం కోసం నువ్వు తయారుచేసుకున్న నోట్స్ చదివాను. బాగా కష్టపడ్డావు. కానీ ప్రతి పేరా దగ్గరా నాకొకటే అనుమానం: ఇది నీ మాటా, పుస్తకంలో మాటా? ఇవాళ అడిగితే చెప్పగలవేమో. కొన్ని వారాలు పోయాక రాయడానికి కూర్చున్నప్పుడు చెప్పలేవు. కాపీ కొట్టాలని లేకపోయినా కాపీ అయిపోయేది అక్కడే.

అందుకని ఆ సంగతి నోట్స్ రాసేటప్పుడే తేల్చెయ్. ఉన్నదున్నట్టు ఎత్తి రాస్తే కొటేషన్ మార్కులు పెట్టు, అక్షరం మార్చకు. సారాంశమైతే పుస్తకం మూసేసి రాయి. చూస్తూ రాస్తే రెండు మాటలు అటూ ఇటూ అయిన అదే వాక్యం వస్తుంది. నీకు తట్టిన ఆలోచన ముందు ‘నేను’ అని రాసుకో. ఎత్తి రాసినదైనా, సారాంశమైనా పక్కనే రచయిత పేరు, పుస్తకం, పేజీ నంబరు ఉండాలి. వెబ్ పేజీలు మారిపోతుంటాయి కాబట్టి వాటికి చూసిన తేదీ కూడా రాయి. పేజీ నంబరు తర్వాత వెతుక్కుందాంలే అనుకోకు, అంత విసుగు పుట్టించే పని ఇంకోటి లేదు.

‘తేనెటీగలు అంతరిస్తే మనిషి నాలుగేళ్లే బతుకుతాడు: ఐన్‌స్టీన్’ అని రాశావు. ఎక్కడన్నాడు? పక్కన ఏమీ లేదు. రాద్దామన్నా దొరకదు, ఆయన ఆ మాట అన్నట్టు ఆధారమే లేదు. ఎక్కడిదో రాసుకునే అలవాటుంటే ఆ ఖాళీ నీకే కనిపించేది.

ఇక సర్దడం. పుస్తకానికో పేజీ కేటాయించావు. అలా చేస్తే వ్యాసం కూడా ‘మొదటి పుస్తకం ఇలా అంది, రెండోది అలా అంది’ అంటూ నడుస్తుంది. దానికి బదులు ఒక్కో చీటీ మీద ఒక్కటే విషయం రాయి. జర్మన్ సామాజిక శాస్త్రవేత్త నిక్లాస్ లూమన్ ఇలా దాదాపు 90,000 చీటీలు పోగేశాడు. నీకు 40 చాలు. పైన ‘తేనెటీగలు’ అని కాక ఒక ప్రశ్న పెట్టు: ‘ఏ పంటలకు ఇవి తప్పనిసరి?’ ఒకే ప్రశ్న కింద మూడు పుస్తకాల చీటీలు చేరితే అవి ఒప్పుకుంటున్నాయో కొట్టుకుంటున్నాయో తెలుస్తుంది. కాగితమా, ఫోనా అన్నది నీ ఇష్టం. రంగు పెన్నులతో గీతలు గీయడం మాత్రం నాకు పని ఎగ్గొట్టడంలాగే కనిపిస్తుంది!

ఇంకొక్కటి. తన సిద్ధాంతానికి అడ్డొచ్చే విషయం ఎదురైతే డార్విన్ వెంటనే రాసుకునేవాడట. అనుకూలమైన వాటికంటే అలాంటివే త్వరగా మరుపున పడతాయని ఆత్మకథలో చెప్పుకున్నాడు. ‘తేనెటీగలు లేకపోతే తిండే ఉండదు’ అన్నది నీ వాదన. వరి, గోధుమ చాలావరకు స్వపరాగ సంపర్కంతోనే, అంటే తమ పుప్పొడితోనే, పండుతాయి, మొక్కజొన్నకు గాలి చాలు. నీ నోట్స్‌లో ఈ ముక్క ఎక్కడా లేదు. దానికో చీటీ రాసి, ఆపిల్, బాదం చీటీల పక్కన పెట్టు. అప్పుడు నీ వాదన ‘తిండే ఉండదు’ అన్న చోటి నుంచి ‘ఏయే తిండి తగ్గుతుంది’ అన్న చోటికి జరుగుతుంది. అది నిరూపించడం నీకు చేతనవుతుంది కూడా.

ఆ చీటీలు అయ్యాక మొదటి పేరా రాసి పంపు. ఐన్‌స్టీన్‌ను తీసేసి.