చాట్ చెప్పిన దిక్కు కెమెరా తిరిగితే

"మా తమ్ముడు బతుకమ్మ, జాతర లైవ్‌లు పెడతడు. చాట్ నిండా బూతులే, అంతా ఫేక్ ఐడీల పనే అంటడు. కామెంట్లు బంద్ పెట్టాల్నా?" అని అడిగారు.

బంద్ అక్కర్లేదు, ముందు కెమెరా పట్టుకున్నోణ్ని ఆపండి. ఫేక్ ఐడీలే కారణం అనేది మన దగ్గర సగం సాకు. ఫేక్ ఐడీల దండు నిజంగానే తిట్లతో చాట్‌ల మీద పడ్డది ట్విచ్ అనే లైవ్ వీడియోల సైట్‌ల, 2021 ఆగస్టులో. అక్కడ లైవ్‌లు పెట్టేటోళ్లు విసిగిపోయి సెప్టెంబర్ 1న లైవ్‌లు మానేసి నిరసన చేశారు. మన జాతర లైవ్‌కు అంత సీన్ లేదు.

ఎంగిలిపూల నాడు హనుమకొండ వేయిస్తంభాల గుడి కాడి లైవ్ ఊహించుకోండి. మొదట్ల "మా అక్క కనబడ్డది", "దుబాయ్‌ల ఉండి చూస్తున్న" అనే కామెంట్లే. ఇంతల ఒకడు "పచ్చచీర ఆమె దిక్కు జూమ్ చెయ్యన్నా" అంటడు. అన్న నవ్వుకుంట అటు తిప్పుతడు. ఇగ అయిపోయింది. రాస్తే కెమెరా తిరుగుతదని అందరికీ తెలిసింది, తర్వాతి కోరిక ఇంకా దిగజారుతది. దుబాయ్ తమ్ముడు చప్పుడు చేయకుండ పోతడు, జూమ్ బ్యాచ్ మిగులుతది. పాపం, ఆడుతున్న ఆమెకు లైవ్ సంగతే తెల్వదు. అదే మాట సూపర్ చాట్‌ల, అంటే పైసలు కట్టి పెట్టే మెసేజ్‌ల, వస్తే పైన అతుక్కొని కూర్చుంటది. థంబ్‌నెయిల్‌ల అమ్మాయి క్లోజప్ పెట్టి భక్తులు రావాలంటే ఎట్లా?

కెమెరా పట్టినోడు చాట్ చూడొద్దు. దానికి వేరే ఇద్దరు మోడరేటర్లు ఉండాలి. యూట్యూబ్‌ల స్లో మోడ్ 30 సెకండ్లు పెట్టండి, అంటే ఒకడు ఒక మెసేజ్ పెట్టినంక అంతసేపు ఆగాలె. సబ్‌స్క్రైబర్లకే చాట్ అంటే సరిపోదు, అప్పటికప్పుడు సబ్‌స్క్రైబ్ కొట్టి వస్తరు. సబ్‌స్క్రైబ్ చేసి కనీసం ఇంత కాలం అయి ఉండాలని గడువు కూడా పెట్టాలె. బ్లాక్ చేసే పదాల్లో తెలుగు లిపిల రాస్తే చాలదు. బూతులు ఎక్కువ ఇంగ్లిష్ అక్షరాల్లోనే వస్తయి, కాబట్టి ఒక్కో మాటకు నాలుగైదు స్పెల్లింగులు, చివర 'గా', 'వి' తగిలించిన రూపాలు కూడా ఎక్కించండి. లింకులు ఆపే ఆప్షన్ వేరే ఉంది, అదీ ఆన్ చేయండి.

బూతు పెట్టినోణ్ని మైకుల తిట్టొద్దు, వాడికి కావల్సింది అదే. టైమౌట్ ఇస్తే కాసేపటికి మళ్లొస్తడు. ఛానల్ నుంచి 'హైడ్' చేస్తే వాడి రాతలు ఎవరికీ కనబడవు, వాడికి కబురు కూడా పోదు. లైవ్ అయినంక చాట్ రీప్లే ఆపడం మరవొద్దు. లేకపోతే ఆ చెత్తంతా వీడియో పక్కనే ఉండిపోతది, రేపు ఆ పచ్చచీర ఆమె పిల్లలు కూడా చదువుతరు.