పాత మియాటాకు హోండా ఇంజిన్ పెట్టించవచ్చా?

ప్రశ్న: నేను కాలిఫోర్నియాలోని ఫ్రీమాంట్‌లో ఉంటున్నాను. నాకు 1990 మోడల్ మాజ్దా మియాటా (రెండు సీట్ల చిన్న స్పోర్ట్స్ కారు) ఉంది. కొంతకాలంగా ఇంజిన్ ముందుండే క్రాంక్ పుల్లీ ఊగుతోంది, బండి లాగుడు తగ్గింది. ఇంజిన్ పని అయిపోయిందని, 2004 అక్యూరా టీఎస్ఎక్స్ (అక్యూరా హోండా వారి బ్రాండే) నుంచి తీసిన హోండా కె24 ఇంజిన్ పెట్టించుకోమని మెకానిక్ అంటున్నారు. పెట్టించమంటారా?

జవాబు: తొందరపడి ఆ ఇంజిన్‌ను దించకండి. మియాటా వచ్చిన తొలి రోజుల్లో, అంటే 1991 మధ్య వరకు, 1.6 లీటర్ ఇంజిన్ల క్రాంక్‌షాఫ్ట్ (పిస్టన్ల కదలికతో తిరిగే ప్రధాన ఇరుసు) ముందు కొస పొట్టిగా ఉండేది. పుల్లీ బోల్టు కాస్త వదులైనా అక్కడ పుల్లీని పట్టి ఉంచే కీ (చిన్న లోహపు ముక్క) కూర్చునే గాడి అరిగి, వాల్వులు తెరుచుకునే సమయం (టైమింగ్) తప్పి, మీరు రాసిన లక్షణాలే కనిపిస్తాయి. సిలిండర్లు బాగున్న ఇంజిన్‌కు కూడా ఈ జబ్బు వస్తుంది. అందుచేత పుల్లీ విప్పించి ఆ గాడిని మీరే చూడండి, నాలుగు సిలిండర్లలోనూ కంప్రెషన్ (లోపల గాలి నొక్కుకునే ఒత్తిడి) కొలిపించండి. కంప్రెషన్ సరిగా ఉంటే క్రాంక్ మార్పించుకోవడమే మేలని నా అభిప్రాయం.

సిలిండర్లు అరిగి ఇంజిన్ నిజంగానే బోరుకు వచ్చి ఉంటే కె24 మంచి ఎంపికే. మీ ఇంజిన్ 116 హార్స్‌పవర్‌ది, అది 200 హార్స్‌పవర్‌ది. పైగా మాజ్దా బ్లాకు పోత ఇనుముది, హోండాది అల్యూమినియంది కనుక బండి ముందు భాగం బరువెక్కదు, మలుపుల్లో మియాటాకున్న ఆ చక్కని తూకం చెడదు. అయితే అది ముందు చక్రాలను తిప్పడానికి, అడ్డంగా కూర్చోబెట్టిన ఇంజిన్. వెనుక చక్రాలను తిప్పే మియాటాలో దాన్ని బండి పొడవునా తిప్పి పెట్టినప్పుడు దాని ఆయిల్ పాన్ (ఇంజిన్ అడుగున ఆయిల్ నిలిచే తొట్టి) ఇమడదు. కొత్త పాన్‌లో మలుపు తిరిగేటప్పుడు ఆయిల్ ఒక పక్కకు పోకుండా అడ్డుపలకలు ఉండాలి. ఆయిల్ పంపు కొన్ని క్షణాలు గాలి పీల్చినా బేరింగులు పోతాయి. గేర్‌బాక్స్‌నూ వెనుక డిఫరెన్షియల్‌నూ (వెనుక చక్రాలకు శక్తిని పంచే గేర్ల పెట్టె) కలిపే పొడవాటి అల్యూమినియం ఫ్రేమ్ ఈ కారులో ఉంటుంది కాబట్టి, ఇంజిన్ ఎత్తును ఇష్టం వచ్చినట్టు మార్చడానికీ వీలుండదు. మీ బండి డిఫరెన్షియల్‌లో క్రౌన్ వీల్ (అందులోని పెద్ద గేరు) 6 అంగుళాలదే. 200 హార్స్‌పవర్‌కు 1994 మోడల్ నుంచి 1.8 లీటర్ మియాటాలో వచ్చిన 7 అంగుళాలది వేయించండి.

ఇవన్నీ డబ్బుతో తీరేవి. కాలిఫోర్నియా నిబంధనలు అలా తీరవు. ఇంజిన్ మీ కారు మోడల్ సంవత్సరానిదో, ఆ తర్వాతిదో కావాలి. టీఎస్ఎక్స్‌తో ఆ చిక్కు లేదు. కానీ ఆ బండిలోని క్యాటలిటిక్ కన్వర్టర్ (పొగలోని విషవాయువులను తగ్గించే పరికరం), ఆక్సిజన్ సెన్సర్లు, పెట్రోల్ ఆవిరిని పట్టే కానిస్టర్, కంప్యూటర్ అన్నీ మీ కారులోకి వచ్చి సక్రమంగా పనిచేయాలి. అప్పుడే స్మాగ్ రెఫరీ (ఇలా ఇంజిన్ మార్చిన బండ్ల పొగ నిబంధనలను తనిఖీ చేసే వారు) పరీక్షించి ఆమోదపు లేబుల్ అతికిస్తారు. పందెపు కార్లకు వాడే విడి కంప్యూటర్‌తో, కన్వర్టర్ లేని ఎగ్జాస్ట్‌తో ఆ లేబుల్ రాదు. కాబట్టి విడి ఇంజిన్ కొనకుండా, ప్రమాదంలో దెబ్బతిన్న టీఎస్ఎక్స్‌ను తాళంచెవితో సహా మొత్తంగా కొనండి. ఇమ్మొబిలైజర్ (దొంగతనం జరగకుండా ఉండే ఎలక్ట్రానిక్ తాళం) ఆ తాళంచెవిని గుర్తించకపోతే ఇంజిన్ స్టార్ట్ కాదు. డబ్బు కట్టే ముందే ఆ బండి బానెట్ కింది ఎమిషన్ (పొగ నియంత్రణ) లేబుల్ ఫొటో తీసి, ఈ ఇంజిన్ సరిపోతుందా అని రెఫరీని అడిగి తెలుసుకోండి.