ఫొటో మార్చమంటే లేయర్ దొరకట్లేదు

ప్రశ్న: అన్నా, హన్మకొండలో ఫ్లెక్సీ షాపులో డిజైనింగ్ చేస్తున్నాను. మేడారం జాతర ఫ్లెక్సీ అంటే ఫొటోషాప్‌లో లేయర్లు, అంటే ఒకదాని మీద ఒకటి పేర్చే పొరలు, వంద దాటుతున్నాయి. తీరా ప్రింటుకు పోయే టైములో ఎవరిదో ఒక ఫొటో మార్చమంటారు, అది ఏ లేయర్లో ఉందో వెతకలేక టెన్షన్ అవుతోంది. ఏం చేయాలి?

జవాబు: తమ్మీ, సమ్మక్క సారలమ్మల బొమ్మ మార్చమని నిన్ను ఎవరూ అడగరు. అడిగేదంతా కింది వరుసలో ఉండే దోస్తుల ఫొటోలు, పేర్ల గురించే. కాబట్టి గ్రూపులు కూడా అట్లనే కట్టు. అమ్మవార్లు, బ్యాక్‌గ్రౌండ్, తోరణాలు ఒక గ్రూపులో పెట్టి లాక్ చేసెయ్. కింది వరుసలో మాత్రం మనిషికో గ్రూపు ఉండాలి, ఫొటో, ఫ్రేము, పేరు, హోదా నాలుగూ సెలెక్ట్ చేసి కంట్రోల్ జి కొట్టి దానికి ఆ మనిషి పేరే పెట్టు.

గుండ్రటి ఫ్రేము కోసం ఫొటోను ఎరేజర్‌తో చెరపొద్దు. కింద గుండ్రటి షేపు, దాని మీద ఫొటో పెట్టి, ఆల్ట్ పట్టుకుని లేయర్ల ప్యానెల్‌లో ఆ రెండింటి మధ్య గీత మీద క్లిక్ చేస్తే ఫొటో షేపులోకి వెళ్లిపోతుంది. ఆ ఫొటోను ముందే స్మార్ట్ ఆబ్జెక్ట్ (అసలు ఫొటోను చెడకుండా లోపల దాచుకునే లేయర్) చేసి ఉంటే, రైట్ క్లిక్‌లో రీప్లేస్ కంటెంట్స్ కొట్టి కొత్త ఫొటో ఇస్తే చాలు, కాస్త సైజు సరిచేసుకోవాల్సి రావచ్చు, అంతే.

ఇక్కడే నేను దెబ్బతిన్నాను. ఒక ఫ్రేము చేసి కంట్రోల్ జె తో పన్నెండు కాపీలు తీశాను, ఒకరి ఫొటో మార్చగానే పన్నెండు ఫ్రేముల్లోనూ అదే మొహం వచ్చింది! స్మార్ట్ ఆబ్జెక్ట్‌కు అట్లా తీసిన కాపీలన్నీ ఒకదానికొకటి ముడిపడి ఉంటాయి. ఫొటో లేయర్ మీద రైట్ క్లిక్ చేసి న్యూ స్మార్ట్ ఆబ్జెక్ట్ వయా కాపీ అని తీస్తేనే దేనికది విడిగా ఉంటుంది.

పేర్లు లేని పాత ఫైళ్లు మొత్తం సర్దుతూ కూర్చోకు. మూవ్ టూల్ తీసుకుని ఆ ఫొటో మీద రైట్ క్లిక్ చెయ్, అక్కడున్న లేయర్ల పేర్లు వరుసగా వస్తాయి. దొరికిన దానికి అప్పుడే పేరు పెట్టు.

లేయర్లన్నీ కలిపేసిన ఫైలు ప్రింటుకే పంపు, లేయర్లు విడివిడిగా ఉండే ఫొటోషాప్ ఫైలు (పీఎస్‌డీ) మాత్రం విడిగా దాచు. జాతర రెండేళ్లకోసారి వస్తుంది, వాళ్లే మళ్లీ వచ్చి పోయినసారి ఫ్లెక్సీనే వేయమంటారు.